దమ్ కీ మచ్లీ

హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో మూతపెట్టి, సన్నని సెగపై మగ్గించే చేపల వంటకం. అడుగున ఆలుగడ్డ చక్రాలు పరిస్తే ఒక పూట భోజనానికి అదే చాలు.

దీనికి తెల్లని కండ, తక్కువ ముళ్లు ఉన్న కొరమీను శ్రేష్ఠం. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. గాలి పీల్చుకోగలదు కాబట్టి మూసీకి ఉత్తరాన ఉన్న బేగంబజార్ చేపల మార్కెట్‌లో తొట్లలో ప్రాణంతోనే అమ్ముతారు. జిగురు పోయేలా రాళ్ల ఉప్పుతో రుద్ది కడగడం తప్పనిసరి. ఇక్కడ బద్ధకిస్తే నీచు వాసన ఎంత మసాలా వేసినా పోదు.

వేయించిన ఉల్లిపాయ, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి, పెరుగు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం కలిపి ముక్కలకు పట్టిస్తారు. చేప త్వరగా ఉడుకుతుంది, ఆలుగడ్డకు సమయం పడుతుంది. అందుకే ఆలుగడ్డను ముందే సగం ఉడికించాలి. పూర్వం గిన్నె మూతపైనా నిప్పులు పోసేవారు. ఇప్పుడు ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 20 నిమిషాలు పెడుతున్నారు. మధ్యలో కలపకూడదు, ముక్క విరిగిపోతుంది. చాకు మొన గుచ్చితే కండ పొరలుగా విడిపోవాలి.

జూన్‌లో మృగశిర కార్తె రాగానే చేపలకు గిరాకీ ఎక్కువ, కొరమీను ధర కూడా పైకెక్కుతుంది.