ఆయుధం హక్కా, బాధ్యతా? – కామత్ గారి సవరణ కథ

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ రైఫిల్ మనకు కొత్త కాదు. కోత్‌లో సంతకం పెట్టి తీసుకున్నాం, సంతకం పెట్టి అప్పజెప్పాం. రిటైరై ఊరొచ్చాక, బ్యాంకులో గన్‌మన్ ఉద్యోగానికైనా సరే, లైసెన్సు దరఖాస్తుతో అందరిలాగే నిలబడాలి. "దేశం కోసం తుపాకీ పట్టిన వాళ్ళకి ఆ హక్కు రాజ్యాంగంలో ఎందుకు లేదండీ?" అని మనవాళ్ళు నన్ను చాలాసార్లు అడిగారు. మరిచిపోయి వదిలేసింది కాదది. రాజ్యాంగసభలో అడిగారు, చర్చించారు, కాదన్నారు.

దీని మూలం 1878 నాటి ఆయుధాల చట్టంలో ఉంది. లార్డ్ లిట్టన్ హయాంలో వచ్చిన ఆ చట్టం ప్రకారం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, యూరోపియనుకు మినహాయింపు. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. జనం దగ్గర అవి ఎక్కడున్నాయి గనుక! అందుకే 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చారు.

1948 డిసెంబరులో, ఈనాటి 19వ అధికరణం ముసాయిదా చర్చకు వచ్చినప్పుడు హెచ్.వి. కామత్ గారు దాదాపు అదే మాటను సవరణగా పెట్టారు. ఐ.సి.ఎస్. కొలువు వదులుకుని సుభాష్ బాబు వెంట నడిచిన మనిషి. ఆయన అడిగింది కూడా అదుపులేని హక్కేమీ కాదు, చట్టం పెట్టే షరతులకు లోబడే.

డాక్టర్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఎవరు పడితే వారు బజారుకెళ్ళి మారణాయుధాలు కొనుక్కునే హక్కుంటే ప్రభుత్వం పాలన ఎలా సాగిస్తుందన్నారు. ఆపైన చెప్పిన మాట మన ఫౌజీలు వినదగ్గది: మనం పట్టుబట్టవలసింది ఆయుధం పట్టే హక్కు కోసం కాదు, దేశానికి ఆపద వచ్చినప్పుడు ఆయుధం పట్టవలసిన బాధ్యత కోసం. ఆ బాధ్యతకు ముసాయిదా 17వ అధికరణంలో చోటుంది అన్నారు. నేటి 23(2) అదే. సవరణ వీగిపోయింది. 19వ అధికరణంలో ఆయుధం ప్రస్తావన మిగిలింది ఒక్కచోటే – "ఆయుధాలు లేకుండా" శాంతియుతంగా సమావేశం కావడం!

నా మటుకు నాకు అంబేద్కర్ గారి మాటే సబబనిపిస్తుంది. రైఫిల్ ఏం చేస్తుందో దగ్గర నుంచి చూసినవాడు దాన్ని ఇంటింటా కోరుకోడు. కానీ కామత్ గారి బాధ కూడా నిజమే. పాలకుడు మారాక కూడా 1878 చట్టమే మరో పదేళ్ళకు పైగా నడిచింది. 1959లో కొత్త చట్టం చేశారు, 1962లో అమలుకొచ్చింది. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

ఇందులో ఒక విశేషం ఉంది. సవరణ వీగిపోయిన ఆరు వారాలకు, 1949 జనవరి 15న, మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి అయిన జనరల్ కరియప్ప గారిది కొడగు. అక్కడి కొడవలకు, జమ్మా భూములున్నవారికి తెల్లవాళ్ళ కాలం నుంచీ తుపాకీ లైసెన్సు అక్కర్లేదు. హక్కుగా కాదు, ప్రభుత్వమిచ్చిన మినహాయింపుగానే. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్ళు, అంటే 2029 అక్టోబరు దాకా పొడిగించింది.