పశువుల టీకా వెనుక ఇంజనీరు

ఆదిలాబాదు కొండలలోని జైనూరు ప్రాంతమున గోండు రైతు సేద్యమునకు ఎడ్ల జతయే ఆధారము. పొలాల అమావాస్యనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి పూజించుట అక్కడి ఆచారము. తొలకరికి ముందు ఎద్దు చచ్చినచో ఆ యేటి పంట దాదాపు పోయినట్లే. ఒక్క ఎద్దు కాదు, మందకు మందనే తుడిచిపెట్టిన రోగము ఒకటి పూర్వము ఉండెడిది. అదే ముసర రోగము, అనగా రిండర్‌పెస్ట్. జ్వరము, నోటిలో పుండ్లు, విరేచనములు, కొద్ది దినములలో చావు. తట్టుకొనే శక్తి లేని మందలో సోకిన పశువులు బ్రతుకుట అరుదు.

దీనికి మందు వెదకినవారు వైద్యులు. ముక్తేశ్వరములోని పరిశోధనాలయమున 1920వ దశకములో జె. టి. ఎడ్వర్డ్స్ ఈ రోగపు వైరసును మేక నుండి మేకకు పలుమారులు ఎక్కించి, దాని ఉగ్రతను తగ్గించినాడు. అట్లు బలహీనపడిన వైరసు ఎద్దును చంపదు, పైగా రోగము రాకుండ కాపాడును. సామాన్యముగా చరిత్ర పుస్తకములు ఇక్కడితో ఆగును. అసలు చిక్కు ఇక్కడనే మొదలైనది.

ఈ టీకాలోని వైరసు సజీవమైనది. వేడికి త్వరగా నశించును. వేసవిలో మంచుపెట్టె కరిగినచో సీసాలో మిగులునది వట్టి నీరే. అడవి దారిన నడిచి చేరవలసిన గూడెమునకు దానిని ఎట్లు తీసుకొనిపోవలెను? ఈ ప్రశ్నకు జవాబు యంత్రశాలలో దొరికినది. టీకాను గడ్డకట్టించి, గాలి తీసివేసిన గదిలో ఉంచినచో, అందలి మంచు కరుగకయే నేరుగా ఆవిరియై పోవును. ముఱుగుకు, రసాయన మార్పుకు ఆస్కారమిచ్చు నీరు లేని పొడి మిగులును. వాడుటకు ముందు దానిని ద్రావణములో కలిపినచో చాలును. నిర్వాత పంపు, ఆవిరిని పట్టు శీతల ఫలకము, పీడనమాపకము - వీటిలో ఏ ఒక్కటి సరిగా పనిచేయకపోయినను వైరసు చచ్చును.

మన దేశములో ముసర నిర్మూలన కార్యక్రమము 1954లో ఆరంభమైనది. ఆ కాలమున విరివిగా వాడినది ఎండబెట్టిన మేక టీకాయే. తరువాత కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ కణవర్ధనము ద్వారా మరింత సౌమ్యమైన టీకాను తయారుచేసినాడు. అయితే దానికిని చల్లదనము తప్పలేదు. 1980వ దశకములో జెఫ్రీ మారినర్, ఆయన సహచరులు ఎండబెట్టు కాలమును పెంచి, పొడిలో మిగులు తేమను ఇంకను తగ్గించిరి. దీని తోడ్పాటుతో టీకా చల్లనిపెట్టె లేకుండ నెలవరకు నిలిచినది! ఇందులో యంత్రమును నడుపు పద్ధతి మార్పుకు ముఖ్యపాత్ర ఉన్నది. ఆఫ్రికాలో వాహనము పోలేని చోట్లకు టీకా నడకమీద చేరుటకు ఇది తోడ్పడినది.

1995 తరువాత ఈ రోగము మన దేశములో కనిపించలేదు. 2011లో భూమిమీదనే లేదని ప్రకటించిరి. మసూచికము తరువాత మానవుడు నిర్మూలించిన రెండవ రోగము ఇదే.

సూదిమందు పిచికారి చరిత్రయు ఇట్టిదే. 1853లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున ప్రవాజ్ అను వైద్యుడు తాను కల్పించిన పిచికారిని మొదట జంతువులమీదనే పరీక్షించినాడు. దాని ముషలకము మరతో కదలును. ఎన్ని చుట్లు తిప్పితే ఎంత మందు పోవునో లెక్కించవచ్చును. అది కొలతను తెలిసినవాని ఆలోచన.

గణితముపై మక్కువ ఉండి, పశువులపై ప్రేమ ఉన్న విద్యార్థి, ఒకదాని కొరకు మరొకదానిని వదలుకోవలెనేమో అని చింతించును. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలలో బయోమెడికల్ ఇంజనీరింగు నేర్పుచున్నారు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. ఈ రెండింటి నడుమ చేయవలసిన పని చాల ఉన్నది. మనిషి కొరకు చేసిన స్కానింగు యంత్రము గేదె పొట్టలోని దూడను చూచుటకు ఊరికే సరిపోదు: గేదె కదలును, తోలు మందము, వెంట్రుకలు అడ్డము, కొట్టములో కరెంటు ఉండకపోవచ్చును, దుమ్ము తప్పదు.

ముసరకు దగ్గరి బంధువైన పి.పి.ఆర్. అను రోగము గొఱ్ఱెలను, మేకలను ఇంకను పీడించుచున్నది. దానిని 2030 నాటికి నిర్మూలించవలెనని అంతర్జాతీయ సంస్థలు 2015లో సంకల్పించినవి. ఆ టీకాకును చల్లదనపు సమస్యయే ఎదురగుచున్నది.