గోల్ ఒక్క నిమిషం, ఆట తొంభై నిమిషాలు



ఈరోజు ఎరువుల సంగతి కాదు, ధరల సంగతి కాదు. ఆట సంగతి రాస్తున్నా. పోస్టు కాస్త పెద్దది. నీళ్లు పెట్టి గట్టు మీద కూర్చున్నప్పుడు నిదానంగా చదువుకోండి.

మన మంగళగిరి చుట్టుపక్కల ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా రెండు రకాల మనుషులు కనపడతారు. ఒకాయన ఫోన్‌లో హైలైట్స్ చూస్తాడు. సిక్సర్ పడింది, వికెట్ పడింది, గోల్ పడింది, ఐదు నిమిషాల్లో మ్యాచ్ అయిపోయింది. ఇంకొకాయన టీవీ ముందు కూర్చుని, ఆట అయ్యాక కోట్లు వేసుకుని మాట్లాడే నలుగురి మాటా విని గానీ లేవడు. మొదటాయన అంటాడు, "ఆ సోది ఎవరు వింటారయ్యా, గోల్ చూపిస్తే చాలు." రెండో ఆయన అంటాడు, "గోల్ చూస్తే ఆట చూసినట్టా?"

ఈ తగువు మన టీ కొట్టులో పుట్టింది కాదండీ. అరవై ఏళ్ల నాటిది. ఫుట్‌బాల్‌తో మొదలైంది. దాని చరిత్ర చెప్పుకుంటూ పోతే చివరికి మన హైదరాబాదు మాస్టారు ఒకాయన దగ్గరకు వచ్చి ఆగుతుంది. అందుకే రాస్తున్నా.

ముందు ఇంగ్లండు సంగతి చూడండి. అక్కడి క్లబ్బులకు మొదట్లో టీవీ అంటే భయం. ఇంట్లో కూర్చుని ఆట చూస్తే టికెట్ కొని మైదానానికి ఎవరు వస్తారు? అదీ వాళ్ల బాధ. 1960లో ఒక ప్రైవేటు చానెల్ బ్లాక్‌పూల్, బోల్టన్ మ్యాచ్‌ను ప్రత్యక్షంగా చూపించింది. ఆ ప్రయత్నం అక్కడితోనే ఆగిపోయింది. ఆ తర్వాత కుదిరిన రాజీ ఏంటంటే, ఆట మొత్తం వద్దు, ముక్కలు చూపించుకోండి, అదీ ఆట అయిపోయాక రాత్రిపూట. అట్టా 1964 ఆగస్టు 22న బీబీసీ రెండో చానెల్లో 'మ్యాచ్ ఆఫ్ ద డే' అనే కార్యక్రమం మొదలైంది. మొదటి మ్యాచ్ లివర్‌పూల్, ఆర్సెనల్ మధ్య. లివర్‌పూల్ 3-2తో గెలిచింది. ఆ చానెల్ అప్పటికి లండన్ వైపు మాత్రమే వచ్చేది. టీవీలో చూసినవాళ్లు ఇరవై వేల మంది ఉంటారని అంచనా. మైదానంలో కూర్చుని చూసినవాళ్లు అంతకు రెట్టింపు పైన!

అంటే హైలైట్స్ అనేవి జనానికి తీరిక లేక పుట్టినవి కావు. ఆట అమ్ముకునేవాళ్ల భయంలోంచి పుట్టినవి. అక్కడ లీగ్ మ్యాచ్‌లు క్రమం తప్పకుండా ప్రత్యక్షంగా రావడానికి 1983 దాకా పట్టింది.

అంతకు కొంచెం ముందే అమెరికాలో ఇంకో ముక్క కలిసింది. 1963 డిసెంబర్ 7న అక్కడి సైన్యం జట్టుకూ నౌకాదళం జట్టుకూ వాళ్ల తరహా ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. టోనీ వెర్నా అనే టీవీ దర్శకుడు, సైన్యం జట్టు స్కోరు చేసిన ఘట్టాన్ని టేపు వెనక్కి తిప్పి వెంటనే మళ్లీ చూపించాడు. అంతకు ముందు జనం ఎప్పుడూ అట్టాంటిది చూసి ఎరగరు. నిజంగానే ఇంకోసారి స్కోరు చేశారనుకుంటారేమోనని, లేదండీ, ఇది ఇందాకటిదే అని వ్యాఖ్యాత చెప్పాల్సి వచ్చింది. అదే రీప్లేకి మొదలు.

రీప్లే వచ్చిందంటే దాని పక్కనే మాట కూడా రావాల్సిందే. బొమ్మ రెండోసారి వేసినప్పుడు "ఇదుగో, ఇక్కడ చూడండి" అని చెప్పే మనిషి కావాలి గదా. 1970లో మెక్సికోలో ప్రపంచ కప్ జరిగినప్పుడు ఇంగ్లండులో ఐటీవీ వాళ్లు నలుగుర్ని స్టూడియోలో కూర్చోబెట్టారు. మాల్కం అల్లిసన్, డెరెక్ డూగన్, ప్యాట్ క్రెరాండ్, బాబ్ మెక్‌నాబ్. నలుగురూ ఫుట్‌బాల్ మనుషులే. పైగా మొహమాటం లేని మనుషులు. ఒకళ్ల మాట ఒకళ్లు కొట్టేసుకుంటూ వాదించుకునేవాళ్లు. జనానికి అది తెగ నచ్చింది. ఇవాళ మనం ఏ చానెల్ తిప్పినా కనపడే నలుగురు పెద్దమనుషుల బల్ల ఉంది చూశారూ, దాని పుట్టుక అక్కడ.

తర్వాత తర్వాత ఆటల ప్రసార హక్కులకు వేల కోట్లు పలకడం మొదలైంది. అంత డబ్బు పోసి కొన్నవాడు తొంభై నిమిషాలు చూపించి ఊరుకుంటాడా? ముందు ఒక గంట, వెనక ఒక గంట మాట కలుపుతాడు. మాట చవక, దాని మధ్యలో ప్రకటన పడుతుంది. మంచి బియ్యంలో నూక కలిపినట్టు. నూక కూడా బియ్యమే, కాదనను. కానీ బస్తా కొన్నవాడికి ఎంత కలిసిందో తెలియాలి కదా.

ఈ తగువు తేలిపోయినట్టు కనపడ్డ రోజు ఒకటుంది. 2023 మార్చి 11. అప్పట్లో మ్యాచ్ ఆఫ్ ద డే నడిపిన గ్యారీ లినేకర్, వాళ్ల ప్రభుత్వం శరణార్థుల మీద తెచ్చే చట్టాన్ని విమర్శిస్తూ సోషల్ మీడియాలో రాశాడని బీబీసీ ఆయన్ని పక్కన పెట్టింది. ఆయనకు తోడుగా ఇయాన్ రైట్, అలన్ షియరర్ కూడా మేమూ రామన్నారు. వ్యాఖ్యాతలూ రాలేదు. ఆ రాత్రి కార్యక్రమం ఉత్త హైలైట్స్‌తో ఇరవై నిమిషాల్లో ముగిసింది. వ్యాఖ్యానం లేదు, విశ్లేషణ లేదు, బంతి చప్పుడు, జనం కేకలు అంతే. తీరా లెక్క చూస్తే చూసినవాళ్లు 25 లక్షల 80 వేల మంది. ముందు వారం కంటే దాదాపు ఐదు లక్షలు ఎక్కువ!

"చూశారా, మాట అక్కర్లేదని తేలిపోయింది" అని చాలామంది సంబరపడ్డారు. నేను మాత్రం ఒప్పుకోను. ఊళ్లో పంతులు లేకుండా పెళ్లి జరుగుతోందంటే చూడ్డానికి వెళ్లేవాళ్లు ఎక్కువే ఉంటారు. ప్రతి పెళ్లీ అట్టాగే చేయమంటారా? ఆ ఒక్కరోజు వింత చూడ్డానికి వచ్చినవాళ్లు ఎంతమందో, మాట నచ్చక వచ్చినవాళ్లు ఎంతమందో ఆ లెక్క చెప్పదు.

ఇక మన దేశానికి వద్దాం.

మొదట బొమ్మ లేకపోతే ఏమవుతుందో చూడండి. 1983 జూన్ 18, క్రికెట్ ప్రపంచ కప్. టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద మన స్కోరు 17 పరుగులకు 5 వికెట్లు. అక్కడి నుంచి కపిల్ దేవ్ 175 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. ఆ రోజు మైదానంలో టీవీ కెమెరా లేదు. ఆ ఆట బొమ్మ ఇవాళ ఎక్కడా లేదు. అయినా మనందరికీ ఆ ఇన్నింగ్స్ తెలుసు. ఎట్టా తెలుసు? చూసినవాళ్లు చెప్పారు, రాశారు, విన్నవాళ్లు మళ్లీ చెప్పారు. మాటే దాన్ని బతికించింది.

ఇప్పుడు మాట తేల్చలేనిది బొమ్మ ఎట్టా తేల్చిందో చూడండి. 1986 ప్రపంచ కప్ మ్యాచ్‌లను దూరదర్శన్ మన దేశంలో ప్రత్యక్షంగా వేసింది. రాత్రిళ్లు మేలుకుని చూసినవాళ్లు మీలోనూ ఉంటారు. జూన్ 22న ఇంగ్లండు మీద మారడోనా మొదటి గోల్ చేత్తో కొట్టాడు. రిఫరీ చూడలేదు, గోల్ ఇచ్చేశాడు. ఫొటోలూ రీప్లేలూ లేకపోతే ఆ తగువు ఇప్పటికీ "నువ్వు చూశావా, నేను చూశానా" అని నడిచేదే. ఇంకో నాలుగు నిమిషాలకు అదే మనిషి మధ్య గీత అవతల నుంచి బంతి తీసుకుని ఒక్కొక్కళ్లనీ దాటుకుంటూ వెళ్లి రెండో గోల్ వేశాడు. ఆ అందం ఎంత మాటకారి అయినా పూర్తిగా చెప్పలేడు. చూడాల్సిందే.

కాబట్టి నా లెక్క ఇది. బొమ్మ సాక్షి. మాట వకీలు. సాక్షి లేని వకీలు ఏదైనా చెప్పొచ్చు. వకీలు లేని సాక్షి కళ్లకు కనపడ్డది చెప్తాడు గానీ, అది ఎందుకు జరిగిందో చెప్పలేడు. రెండూ లేకపోతే ఆ కేసే మాసిపోతుంది.

అట్టా మాసిపోబోయిన కేసు మన తెలుగు నేలదే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. హైదరాబాదులో 1909లో పుట్టాడు. బడిలో పంతులుగా పనిచేశాడు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ బంగారు పతకం తెచ్చింది.

మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. హైలైట్స్ అంటూ ఉంటే ఆ పది గోల్సే చూపిస్తారు, మనం తల వంచుకోవాలి. కానీ నాలుగేళ్ల తర్వాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరిన మన జట్టు, అదే యుగోస్లావియా మీద మొదటి గోల్ వేసింది. చివరికి 4-1తో ఓడిపోయింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం లాంటి మనవాళ్లు ఉన్నారు. పది గోల్స్ తిన్న జట్టుకూ ఈ జట్టుకూ మధ్య నాలుగేళ్ల సాధన ఉంది. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలని కుర్రాళ్లకు పోటీలు పెట్టేవాడంట రహీం సాబ్. ఇట్టాంటిది ఏ హైలైట్స్‌లో కనపడుతుంది చెప్పండి? ఎవరో ఒకరు చెప్పాలి.

అసలు ఘట్టం 1962ది. సెప్టెంబర్ 4, జకార్తా, ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. క్రీడల నిర్వహణ విషయంలో వచ్చిన గొడవ వల్ల అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. రహీం సాబ్‌ను అప్పటికే క్యాన్సర్ తినేస్తోంది. జట్టులో జర్నైల్ సింగ్ అనే గట్టి డిఫెండర్. అంతకు ముందు థాయిలాండ్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే పక్కన కూర్చోబెట్టేవాడు. రహీం సాబ్ ఏం చేశాడంటే, కుట్లతో ఉన్న ఆ డిఫెండర్‌ను తీసుకెళ్లి ముందు వరసలో నిలబెట్టాడు. సెమీఫైనల్లో గోల్ వేశాడు. ఫైనల్లో పి.కె. బెనర్జీ మొదటి గోల్ వేస్తే, రెండోది జర్నైల్ సింగే వేశాడు. 2-1తో గెలిచాం. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రాలేదు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ మ్యాచ్ హైలైట్స్ మీ ఫోన్‌లో ఉన్నాయనుకోండి. తలకు కట్టుతో ఒకాయన గోల్ వేశాడు అని కనపడుతుంది. ఆయన డిఫెండర్ అనీ, ఆ చోటు ఆయనది కాదనీ, అక్కడ నిలబెట్టిన మనిషి బయట బల్ల మీద జబ్బుతో కూర్చున్నాడనీ బొమ్మ చెప్పదు. గోల్ జర్నైల్ సింగ్‌ది. ఆలోచన రహీం సాబ్‌ది. ఆలోచనకు హైలైట్స్ ఉండవు. 1963 జూన్ 11న ఆయన పోయాడు. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ మళ్లీ ఆ ఎత్తుకు పోలేదు.

కలకత్తాలో అయితే ఆట గురించి వాళ్ల భాషలో మాట్లాడుకోవడం, రాసుకోవడం వాళ్లకు అన్నంతో సమానం. బెంగాలీలో రేడియో వ్యాఖ్యానం ఉండేది, పత్రికలు ఉండేవి. అందుకే పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి పేర్లు అక్కడ పిల్లలకు కూడా తెలుసు. మరి రహీం సాబ్ పేరు మన తెలుగు పల్లెల్లో ఎంతమందికి తెలుసు? 2024లో అజయ్ దేవగణ్‌తో 'మైదాన్' అనే హిందీ సినిమా తీస్తే గానీ మనలో చాలామంది వినలేదు. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆ రోజు మన ఊళ్లో దాని గురించి ఒక్కళ్లు మాట్లాడుకున్నట్టు నాకు వినపడలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది, ఒప్పుకోవాలి. 2018 నుంచి ఐపీఎల్‌కు స్టార్ వాళ్లు తెలుగు వ్యాఖ్యానం ఇస్తున్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో ప్రత్యేకంగా తెలుగు ఆటల చానెల్ కూడా వచ్చింది. మన గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్, విశాఖ వేణుగోపాలరావు లాంటి ఆడినవాళ్లే తెలుగులో చెప్పారు. ఆడినవాడు మన భాషలో "ఈ బంతి ఇందుకు వేశాడు" అని చెప్తుంటే చదువు రాని ముసలాయనకు కూడా అర్థమవుతుంది. అది చిన్న విషయం కాదు.

అయితే మాట అంతా ఒకటి కాదండీ. నా పద్ధతి చెప్తా, పనికొస్తే మీరూ వాడండి. విశ్లేషకుడు బొమ్మ ఆపి, "ఈ ఆటగాడు ఇక్కడి నుంచి కదిలాడు, అందుకే ఆ ఖాళీ వచ్చింది" అన్నాడా, వినండి. మన కళ్లకు పని నేర్పుతున్నాడు. బొమ్మ వైపు చూడకుండా "వీళ్లకు కసి లేదు, పౌరుషం లేదు" అని అరిచాడా, ఛానెల్ మార్చేయండి. చేను చూడకుండా మందు రాసిచ్చేవాడికీ వాడికీ తేడా లేదు.

మనకు ఇది కొత్తా? దుగ్గిరాల యార్డులో పసుపు రాశి ఫొటో తీసి పెడితే అది హైలైట్. దాని వెనక తొమ్మిది నెలలు ఉన్నాయి. విత్తనం, ఎరువు, నీళ్లు, దుంపకుళ్లు, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. రాశి చూసి "బాగా పండింది" అనేవాడు ఎవడైనా అంటాడు. ఎందుకు పండిందో అడిగి తెలుసుకున్నవాడే మరుసటేడు పండిస్తాడు.

చివరగా ఒక్క మాట. మన ఊళ్లలో కబడ్డీ ఆడిన పెద్దలున్నారు, వాలీబాల్ ఆడినవాళ్లున్నారు, ఎడ్ల పందేలు గెలిచినవాళ్లున్నారు. వాళ్ల ఆటకు బొమ్మ లేదు. మాట మాత్రం ఇంకా వాళ్ల నోట్లోనే ఉంది. ఈ సంక్రాంతికి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఉన్న అదే ఫోన్‌ను తాతగారి ముందు పెట్టి, "ఎట్టా గెలిచావు తాతా?" అని అడగమనండి. గెలిచావా అని కాదు, ఎట్టా గెలిచావు అని. ఆయన చెప్తుంటే రికార్డు చేయమనండి. రహీం సాబ్ విషయంలో మనం చేయనిది, కనీసం మన ఇంటి పెద్దల విషయంలో చేద్దాం.

ఉంటానండీ.