చప్పిడి పథ్యమును లిథియం లవణమును

1911వ సంవత్సరమున ఏప్రిల్ 1వ తేదీని చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే గావున, పిమ్మట జిల్లాలును, తుదకు రాష్ట్రములును వేరుపడినను, పెద్ద జబ్బు చేసినచో నాడు అదే జిల్లాలోనుండిన రాయవేలూరికి పోవు అలవాటు ఈ సీమవారికి తప్పలేదు. ఆ వేలూరి క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయమున మానసిక వైద్యకేంద్రమును నెలకొల్పి, రోగితోపాటు ఇంటివారిని గూడ అచ్చటనే నిలిపి చికిత్స చేయు పద్ధతిని అవలంబించిరి. ఉన్మాదమును విషాదమును మార్చి మార్చి వచ్చు వ్యాధికి లిథియం వాడువారి విషయమున ఇంతకు మించిన పద్ధతి లేదని నా తలంపు. ఏలయన, ఆ మందు వలన మూత్రపిండములకు కలుగు కీడును వారించు భారములో సగము వంటయింటిదే.

జబ్బు అనగానే ఉప్పు మాన్పించి చప్పిడి కూడు పెట్టుట మన పెద్దల ఆచారము. పెక్కు రోగములందు హితమైన ఈ పథ్యమే లిథియం మ్రింగువారికి విషమగును. ఈ సత్యమును లోకము ప్రాణములొడ్డి నేర్చుకొన్నది. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదమునకు లిథియం పనిచేయునని ప్రకటించిన 1949వ సంవత్సరముననే, అమెరికాలో ఉప్పు మానవలసిన హృద్రోగులకు ఉప్పునకు బదులుగా అమ్మిన లిథియం క్లోరైడు వలన కొందరు మరణింపగా, ఆ సరకు అంగళ్లనుండి తొలగింపబడెను. లిథియం సోడియమునకు దగ్గరి చుట్టము. ఒంట ఉప్పు గాని నీరు గాని తగ్గినప్పుడు మూత్రపిండములు సోడియముతోపాటు దీనిని గూడ వెనుకకు తీసికొని రక్తమున నిలువచేయును.

పిదప డెన్మార్కులో మోగెన్స్ షో 1954లో జరిపిన పరీక్షలును, రక్తములోని లిథియమును కొలుచు విధానమును మందునకు పరువు నిలిపినవి. లీటరు రక్తరసమున 0.6 మొదలు 1.0 మిల్లీమోలు వరకు వాడుక, 1.5 దాటినచో వణకు, వాంతులు, తూలుట, విషలక్షణములు. చిరకాలము వాడినవారి మూత్రపిండములందు మచ్చలు ఏర్పడుట 1977లో డెన్మార్కు వైద్యులే బయటపెట్టిరి.

అతిమూత్రము, తీరని దాహము అంతకంటె తరచు కానవచ్చు బాధలు. నీటిని నిలుపుమను దేహాజ్ఞను మూత్రపిండము వినకుండుటయే దీనికి హేతువు గనుక, దాహము చూచి బెదరి ఇంటివారు నీరు తగ్గింపబూనుట మిక్కిలి ప్రమాదకరము. మోతాదు తగ్గించుట, రాత్రి ఒకే మారు ఇచ్చుట, ఆవశ్యకమైనచో అమిలోరైడు చేర్చుట వైద్యుల ఉపాయములు. రాయలసీమ మే మాసపు ఎండలో, ఉపవాసముండి, అలిపిరి మెట్లు 3550 ఎక్కదలచిన భక్తుడు ఈ మందు వాడువాడైనచో ముందు వైద్యుని అడుగవలెను. విరేచనములు పట్టినను అంతే. కొన్ని నొప్పిమాత్రలును, రక్తపోటునకిచ్చు కొన్ని మాత్రలును రక్తములో లిథియమును పెంచును.

1993లో తిరుపతిలో స్విమ్స్ వైద్యసంస్థ ఆరంభమైన పిమ్మట మూత్రపిండ వైద్యమునకై ఈ సీమవారు ప్రతిసారి వేలూరు పోవలసిన పని తప్పినది. కొన్ని మాసములకొకమారు లిథియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకొనువారిలో పెక్కురు ఏండ్ల తరబడి క్షేమముగ నుందురు. క్రియాటినిన్ క్రమముగ పెరిగినచో మందును మాన్పవలెనా, తగ్గింపవలెనా అనునది మనోవైద్యుడును మూత్రపిండ వైద్యుడును కూడి తేల్చవలసినది. రోగి తానై ఒక్కమారుగ మానివేసినచో ఉన్మాదము తిరుగబెట్టవచ్చును.