కిరణానికి గురి కుదిరిన కథ

మూసీ మీద నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు వస్తే ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు ఎదురవుతాయి. నోట్లో పుండు మానడం లేదనో, ముట్లుడిగిన ఇన్నేళ్ళకు మళ్ళీ రక్తం కనిపిస్తోందనో ఇక్కడి ఓపీకి వచ్చినవాళ్ళలో కొందరికి బయాప్సీలో క్యాన్సర్ అని తేలుతుంది. అలా తేలినవాళ్ళలో చాలామంది రెడ్ హిల్స్‌లోని ఎమ్మెన్జే ఆసుపత్రి దారి పడతారు. అక్కడ ‘కరెంటు పెడతారు’ అని ఊళ్ళో ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటారు. పెట్టేది కొద్ది నిమిషాలే. నొప్పి ఉండదు, కంటికి ఏదీ కనబడదు. కానీ ఆ నిమిషాలకు ముందు రోగికి తెలియని పని చాలా జరుగుతుంది. ఎంత కిరణం పంపాలి, సరిగ్గా ఎక్కడికి పంపాలి అన్న లెక్క కుదరడానికి వందేళ్ళు పట్టింది.

మోతాదు తగాదా ఈ పేటకు కొత్త కాదు. 1888లోను, 1889లోను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణతో రెండు ‘హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్’లు పనిచేశాయి. వాటిని నడిపించిన ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్ మెడికల్ స్కూలు పెద్ద. ఆ స్కూలే తరవాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. మత్తు శ్రుతి మించితే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది ప్రశ్న. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఊపిరేనని తేల్చారు. కానీ కొద్దిపాటి క్లోరోఫాంతో కూడా గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. లారీ బృందం పడ్డ శ్రమ తక్కువది కాదు. పీల్చే గాలిలో మందు ఎన్నో వంతు ఉందో కొలిచి ఇచ్చే పనిముట్లు వాళ్ళ కాలానికి అంతగా వాడుకలోకి రాలేదు.

కొలత లేకపోవడమే ఎక్స్‌రేల తొలిరోజుల ఇబ్బంది కూడా. 1895 నవంబరులో రాంట్‌జన్ వాటిని కనిపెట్టాడు. ఏడాది తిరక్కుండానే వైద్యులు వాటిని గడ్డల మీద ప్రయోగించారు. 1898లో క్యూరీ దంపతులు రేడియాన్ని బయటపెట్టారు. రోగికి ఎంత కిరణం చేరిందో తెలుసుకోవడానికి అప్పట్లో ఉన్న కొలబద్ద చర్మమే. ఒళ్ళు ఎర్రబడితే మోతాదు అందినట్టు లెక్క. ఒకరి చర్మం తొందరగా ఎర్రబడుతుంది, ఇంకొకరిది ఆలస్యంగా. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనిపించడమే కష్టం. పైగా లోపలున్న గడ్డకు ఎంత చేరిందో పైతోలు ఏం చెబుతుంది? 1928లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ రేడియాలజీ మహాసభ ‘రాంట్‌జన్’ను కొలమానంగా ఒప్పుకున్నాకే ఒక ఊరి డాక్టరు చెప్పిన అంకె ఇంకో ఊరి డాక్టరుకు అర్థమయ్యే వీలు కలిగింది. ఇప్పుడు వాడుతున్న ‘గ్రే’ 1975లో వచ్చింది. కిలో కణజాలంలో ఒక జౌలు శక్తి ఇంకితే ఒక గ్రే. అంతకు చాలా ముందే పారిస్‌లో రెగో, కూటార్‌లు మొత్తం మోతాదును ఒక్కసారే గుమ్మరించకుండా రోజులకు పంచి ఇచ్చే పద్ధతిని నిలబెట్టారు. మన రోగులు వారాల తరబడి రోజూ ఆసుపత్రికి తిరగడానికి మూలం అదే.

గురి విషయంలో తొలి గట్టి అడుగు ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పడింది. రేడియం సూదుల్ని ఎలా పేరిస్తే మోతాదు అంతటా సమంగా పడుతుందో పాటర్సన్, పార్కర్‌లు 1934లో పట్టికలు వేశారు. 1938లో మార్గరెట్ టాడ్, మెరిడిత్‌లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కొండగుర్తు లాంటి ఒక చోటు నిర్ణయించారు. గర్భాశయపు నాళం వెంట 2 సెంటీమీటర్లు పైకి, అక్కణ్ణించి పక్కకు 2 సెంటీమీటర్లు. దాని పేరు ‘పాయింట్ ఏ’. అక్కడ ఎంత పడిందో చెబితే చాలు, ఎక్కడి వైద్యుడైనా పోల్చి చూసుకోగలడు. దూరం వర్గం లెక్కన కిరణం పలచబడుతుంది కాబట్టి ఇక్కడ మిల్లీమీటర్లకు కూడా విలువుంది. మూలం చిన్నది అనుకుంటే, 2 సెంటీమీటర్ల దూరం ఇంకో 2 మిల్లీమీటర్లు పెరిగితే మోతాదు 17 శాతం పడిపోతుంది. అంతే దగ్గరికి జరిగితే 23 శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదల మూత్రాశయం మీదో పురీషనాళం మీదో పడితే ఆ స్త్రీ ఏళ్ళ తరబడి బాధపడుతుంది.

హైదరాబాద్‌లో మెహదీ నవాజ్ జంగ్ పూనికతో 1955లో ఆసుపత్రి మొదలైనప్పుడు దాని పేరు ‘రేడియం ఇన్‌స్టిట్యూట్ అండ్ క్యాన్సర్ హాస్పిటల్’. ఆయన తరవాత గుజరాత్‌కు తొలి గవర్నరుగా వెళ్ళారు. ఆసుపత్రికి ఆయన పేరే, ఎమ్మెన్జేగా, స్థిరపడింది. 1957లో మద్రాసు అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు కోబాల్ట్ యంత్రం వచ్చింది. కొన్ని దశాబ్దాల పాటు మన దేశంలో రేడియేషన్ అంటే కోబాల్టే. దాని బలం ప్రతి 5.27 ఏళ్ళకూ సగమవుతుంది, అంటే నెలకు ఒక శాతం చొప్పున తరుగుతుంది. అందుకని కిరణం లెక్కలు చూసే ఫిజిసిస్టు ప్రతి నెలా సమయాల పట్టిక మార్చాలి. ఈ నెల 2 నిమిషాలు పెట్టిన మోతాదుకే అయిదేళ్ళ తరవాత దాదాపు 4 నిమిషాలు పెట్టాలి. పట్టిక మార్చడం ఏడాది మరిచిపోతే, ఆ ఏడాది చివరికి వచ్చే ప్రతి రోగికీ సుమారు 12 శాతం తక్కువ పడుతుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఉస్మానియా మెడికల్ కాలేజీలో పీజీ చేసిన నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో బ్రాకీథెరపీ విభాగానికి అధిపతి అయ్యారు. రేడియం సూదుల మాదిరిగా కిరణమూలాన్ని గడ్డ దగ్గరే ఉంచి చేసే వైద్యం అది. 2015లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మూసీ ఒడ్డు చదువు ఈ రంగంలో అంత దూరం వెళ్ళిందని మనవాళ్ళలో చాలామందికి తెలియదు, తెలియాలి.

గడ్డ అసలు ఎక్కడుందో చూడగలగడం వేరే కథ. ఒకప్పుడు మెత్తటి సీసపు తీగను ఒంటి చుట్టూ వంచి, ఆ ఆకారాన్ని కాగితం మీద గీసుకుని, దాని మీద మోతాదు చార్టు పరిచి చేత్తో లెక్క కట్టేవారు. 1971లో హౌన్స్‌ఫీల్డ్ సీటీ స్కాన్‌తో లోపలి అవయవాలు పొరలు పొరలుగా కనిపించసాగాయి. కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్ యంత్రం అంతకు ముందే, 1953లోనే, లండన్‌లో రోగులకు వాడుకలోకి వచ్చింది. కావలసిన మోతాదు ముందు చెప్పి, దానికి తగిన కిరణాల అమరికను కంప్యూటర్ చేత వెతికించే ఆలోచనకు 1980లలో స్వీడన్‌కు చెందిన ఆండర్స్ బ్రామే బాట వేశాడు.

యంత్రాలకన్నా నాకు ముఖ్యమనిపించేది ఆ తరవాత జరిగిన పరిశోధన. గురి ఎంత తప్పుతుందో ఒప్పుకుని లెక్కగట్టడం. గడ్డ ఒకటి, దాని చుట్టూ కంటికి కనబడని క్యాన్సర్ కణాలుండే చోటు రెండోది, మనిషి కదలికకూ అమరిక తేడాలకూ వదిలే మార్జిన్ మూడోది అని 1993లో కిరణాల కొలతల అంతర్జాతీయ కమిషన్ ఐసీఆర్‌యూ 50వ నివేదిక విడదీసింది. మార్జిన్ ఉదారంగా ఇవ్వడానికి లేదు. 4 సెంటీమీటర్ల గుండ్రటి గడ్డకు చుట్టూ 1 సెంటీమీటరు కలిపితే కిరణం పడే భాగం 3 రెట్లు దాటుతుంది. అర సెంటీమీటరే కలిపితే రెండింతల దగ్గర ఆగుతుంది.

2000లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్సెల్ వాన్ హెర్క్ బృందం ఒక సూత్రం ఇచ్చింది. తప్పులు రెండు రకాలు. రోజుకో తీరుగా అటూ ఇటూ పడేవి ఒక రకం. స్కాన్ తీసి లెక్క కట్టే ప్లానింగ్ నాడే దొర్లి చివరిదాకా అదే దిక్కుకు పడేవి రెండో రకం. రోజువారీ తేడాను 0.7తో గుణించాలి, ప్లానింగ్ నాటి తేడాను 2.5తో. రెండూ 3 మిల్లీమీటర్లే అనుకోండి. మొదటిది అడిగే మార్జిన్ 2.1 మిల్లీమీటర్లు, రెండోది 7.5. రోజువారీ తప్పులు ఒకదాన్నొకటి కొంత సరిపెట్టుకుంటాయి. మొదటిరోజు తప్పును సరిపెట్టేది ఏదీ లేదు. స్కాన్ తీసిన రోజు మూత్రాశయం నిండుగా ఉండి, మిగతా రోజుల్లో ఖాళీగా ఉంటే జరిగేది అదే. ‘నీళ్ళు తాగి రమ్మన్నాం కదమ్మా’ అని సిస్టర్ పదే పదే చెప్పడం వెనక ఇంత గణితం ఉంది.

మాస్కు సంగతీ అలాంటిదే. గొంతు క్యాన్సర్ రోగికి జల్లెడలా చిల్లులున్న ప్లాస్టిక్ పలకను సుమారు 70 డిగ్రీల నీళ్ళలో మెత్తబరిచి, తడి తుడిచి, ముఖం మీద సాగదీసి అదుముతారు. కొద్ది నిమిషాల్లో ముక్కు, గడ్డం ఆకారంలోనే బిగుస్తుంది. వారాలు గడిచేకొద్దీ తిండి తగ్గి మనిషి చిక్కిపోతే అదే మాస్కు వదులవుతుంది. అందుకే పోషణ కూడా గురిలో భాగమే. కాలమూ అంతే. ముఖద్వార క్యాన్సర్ చికిత్స మొత్తం 8 వారాల్లో ముగియాలి. బస్సు ఛార్జీలు లేకో, యంత్రం ఆగిపోయో వారం పోతే ఎంత చక్కటి ప్లాన్ అయినా దెబ్బతింటుంది. రద్దీగా ఉందని ప్లానింగ్‌కిచ్చే సమయాన్ని కుదించడం, ఫిజిసిస్టు పోస్టులు ఖాళీగా వదిలేయడం రోగికి చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

కొలిచేవాళ్ళను కొలిచే ఏర్పాటు కూడా ఉంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1969 నుంచి ఆసుపత్రులకు పోస్టులో చిన్న గొట్టాలు పంపుతున్నాయి. మన దేశంలో ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ఇలాంటి తనిఖీ చేస్తుంది. 2017 దాకా అంతర్జాతీయ తనిఖీ గొట్టంలో ఉండేది కిరణం తగిలాక వేడి చేస్తే వెలిగే పదార్థం. ఆసుపత్రి దానికి 2 గ్రేలు పెట్టి తిప్పి పంపుతుంది. ఎంత వెలిగిందో చూసి అసలు ఎంత పడిందో తేలుస్తారు. తేడా 5 శాతం లోపు ఉండాలి. ఆ ఫలితం ఫిజిసిస్టు బీరువాలో ఉండిపోతోంది. రేడియేషన్ గది బయట బెంచీల మీద ఎదురుచూసేవాళ్ళకు కనిపించేలా, తెలుగులోనూ ఉర్దూలోనూ గోడకు అంటించమని ప్రతి ఆసుపత్రినీ అడగాలి.