వెయ్యికి ఒక్క పాలు

బడిలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదిన జ్ఞాపకం చాలామందికి ఉంటుంది. నాలుగు ఊపిర్లు ఊదేసరికి తేట పాలలా తెల్లబడేది. మనం వదిలే గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉందని చెప్పి మాస్టారు పాఠం ముగించేవారు. మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడితో ఆగలేదు. ఆ తెలుపు ఎంతో కొలిచాడు. గదిలో మనిషికి ఎంత గాలి కావాలన్న లెక్కకు ఓ రూపం వచ్చింది అక్కడే.

ఈ గాలి గొడవ ఆయనకు అంటించింది బవేరియా రాజు రెండో మాక్సిమిలియన్. రాజభవనంలో వేడిగాలితో వెచ్చబరిచే గదులు మరీ పొడిబారినట్టు ఉంటున్నాయి, సంగతేమిటో తేల్చమన్నాడు. ఆ పని మీద దిగిన పెటెన్‌కోఫర్ గదుల్లో గాలి ఎలా మారుతుందన్న ప్రశ్నలో పడిపోయాడు.

మూసిన గదిలో జనం ఎక్కువైతే తల దిమ్మెక్కుతుంది. ఆ పాపమంతా బొగ్గుపులుసు వాయువుదేనని అంతకు ముందు చాలామంది నమ్మారు. ఇళ్లల్లో ఉండేపాటి వాయువు మనిషిని ఏమీ చేయదని పెటెన్‌కోఫర్ తేల్చాడు. ఊపిరినుంచి, ఒంటినుంచి ఇంకా ఏవేవో బయటికొస్తాయి. వాటిని కొలిచే సాధనం ఆ రోజుల్లో లేదు. కానీ అవి పెరిగితే బొగ్గుపులుసు వాయువూ పెరుగుతుంది, దాన్ని కొలవొచ్చు. దొంగ దొరక్కపోయినా అడుగుజాడ దొరికిందన్నమాట.

కొలిచే తీరు చూడండి. పెద్ద సీసాలో గది గాలి పట్టి, అందులో బేరియం తేట పోసి బాగా కుదిపేవాడు. వాయువు తగిలిన మేరకు బేరియం తెల్లటి మడ్డిగా మారిపోతుంది. మారకుండా మిగిలింది ఎంతో ఆగ్జాలిక్ ఆమ్లంతో తేల్చేవాడు. పోసిన దానిలోంచి మిగిలింది తీసేస్తే గాలిలో ఎంతుందో లెక్క వచ్చేస్తుంది. వెయ్యి పాళ్ల గాలిలో ఈ వాయువు ఒక పాలు దాటితే ఆ గది ఎక్కువసేపు ఉండటానికి పనికిరాదని 1858లో రాశాడు. ఇవాళ గోడకు తగిలించే మీటర్లు చాలావాటిలో 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకు వెయ్యి పాళ్ల దగ్గర రంగు మారుతుంది. ఆ వెయ్యి ఈయనదే.

పెటెన్‌కోఫర్ మొండి ఘటం కూడా. క్రిమి ఒక్కటే కలరా తేలేదని చూపడానికి 73 ఏళ్ల వయసులో, 1892లో, కలరా క్రిములున్న ద్రవాన్ని తానే తాగి బతికి బట్టకట్టాడు. గోడల విషయంలోనూ అలాగే పొరబడ్డాడు. గదిలో సందులన్నీ కాగితం అంటించి మూసినా గాలి మారుతూనే ఉండటం చూసి, ఇటుక గోడ ఊపిరి పీలుస్తుందన్నాడు. పూత పూసిన గోడ గుండా గాలి దాదాపు పోదని తర్వాతి కొలతలు తేల్చాయి. ఒక్క మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిలిచింది. గదిలో పేడకుప్ప పెట్టుకుని కిటికీలు తెరిస్తే లాభం లేదు, ముందు కుప్ప ఎత్తిపోయాలని ఆయన వాదన.

1936లో హార్వర్డ్‌లో యాగ్లూ అనే పరిశోధకుడు మనిషికి ఎంత గాలి కావాలో తేల్చడానికి మనుషుల ముక్కునే సాధనం చేసుకున్నాడు. బయటినుంచి వచ్చినవాళ్లు గదిలో అడుగుపెట్టి వాసన ఎంతుందో మార్కులు వేయాలి. గది ఇరుకైనకొద్దీ మనిషికి గాలి ఎక్కువ కావాలని, ఎప్పుడు స్నానం చేశారన్నదీ లెక్కలోకి వస్తుందని తేలింది. మన ఇళ్లల్లో దీనికి పరిశోధన అక్కర్లేదు.

అమెరికాలో మనిషికి నిమిషానికి సుమారు 15 ఘనపుటడుగుల బయటి గాలి అన్న లెక్క చాలాకాలం నడిచింది. 1973లో చమురు సంక్షోభం ముంచుకొచ్చింది. బయటి గాలిని వేడి చేయాలన్నా చల్లబరచాలన్నా ఇంధనం కావాలి కదా, ఆ 15ను 5కి కోసేశారు. కిటికీలు తెరుచుకోని అద్దాల మేడలు లేచాయి. లోపల చిప్‌బోర్డు బల్లలు, తివాచీల జిగురు, వాటినుంచి ఫార్మాల్డిహైడ్ లాంటి ఆవిరులు. ఉద్యోగులకు కళ్లమంట, గొంతు గరగర, తలనొప్పి. ఇంటికెళ్తే తగ్గిపోతుంది, మర్నాడు ఆఫీసుకొస్తే మళ్లీ మొదలు. దీనికి సిక్ బిల్డింగ్ సిండ్రోమ్ అని పేరు పడింది. రోగం భవనానిది, మాత్రలు మనుషులకు! కొత్తగా కట్టిన, బాగుచేసిన భవనాల్లో నూటికి 30 దాకా ఇలాంటి ఫిర్యాదులకు గురి కావచ్చని 1984లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది.

డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1988లో గాలి మాలిన్యానికి ‘ఓల్ఫ్’ అనే కొలమానం పెట్టాడు. తీరికగా కూర్చున్న ఒక మనిషి వెలువరించేది ఒక ఓల్ఫ్. ఆయన కోపెన్‌హాగన్ ఆఫీసుల్లో చూస్తే, మనుషులకంటే సామాన్లు, పొగతాగుడు, గాలి తెచ్చే గొట్టాలే ఎక్కువ పాడుచేస్తున్నాయి. పెటెన్‌కోఫర్ చెప్పిన పేడకుప్ప తివాచీ వేషంలో తిరిగొచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా ప్రమాణం 5 నుంచి 15కి, ఆఫీసులకైతే 20కి పెరిగింది.

గాలి కావాలంటే కరెంటు కాలాలి, కరెంటు మిగలాలంటే గాలి తగ్గాలి. ఈ పీటముడికి ఒక జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లో హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ దక్కింది. అమెరికా బయట ఆ రేటింగ్ అందుకున్న మొదటి భవనం ఇదే. 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ అక్కడ రెండు గాలి బురుజులు కట్టారు. బయటి వేడిగాలి బురుజులో తడి తగిలి చల్లబడి, ఆ తర్వాతే ఏసీ యంత్రానికి చేరుతుంది. యంత్రానికి పని తగ్గుతుంది, లోపలికి కొత్త గాలికి కొదవుండదు. మధ్యలో ఆరుబయలు ముంగిలి, దాని చుట్టూ గదులు. మండువా లోగిలిలో పుట్టిపెరిగినవాళ్లకు కొత్తేమీ అనిపించదు.

మన పడగ్గదిలోని మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, లోపలిదాన్నే చల్లబరిచి తిప్పుతుంది. ఏసీ బిగించాక వెంటిలేటర్‌ను పూర్తిగా మూసేద్దామని మేస్త్రీ అంటే, వద్దని చెప్పండి. చల్లదనం కాస్త పోతే పోయింది, ఓ సందు ఉంచమనండి.