ఫొటో ఎవరికి పంపాలో ఎవరు చెప్పాలి?

ఫేస్‌బుక్ 2015 జూన్‌లో అమెరికాలో మొమెంట్స్ అనే యాప్ తెచ్చింది. ఫోన్‌లోని ఫొటోల్లో ముఖాలు పోల్చి చూసి, 'ఇందులో మీ ఫలానా స్నేహితుడున్నాడు, అతనికి పంపుతారా?' అని అడగడం దాని ప్రత్యేకత. 2016 మేలో అదే యాప్ కెనడాకు వచ్చేసరికి ముఖాన్ని గుర్తుపట్టే ఆ విద్య అందులో లేదు. ఫొటోలో ఉన్నదెవరో మనిషే చెప్పాలి. అప్పటికి ఎక్కడ చూసినా తెలివి పెంచుకుంటున్న యంత్రం ఇక్కడ మాత్రం ఒక మెట్టు దిగి మనిషిని అడిగింది. ఈ సంగతి వింటే ఆనందం కలుగుతుంది. పరిచయస్తుల పట్టికకు టెలిఫోన్ తీగ తగిలించిన తొలి ఊళ్ళలో ఒకటైన హామిల్టన్ కెనడాలోనే ఉండటం ఆ ఆనందాన్ని రెట్టింపు చేస్తుంది.

గ్రాహంబెల్ 1876 ఆగస్టులో బ్రాంట్‌ఫర్డ్, పారిస్ ఊళ్ళ మధ్య దూరవాణిని పరీక్షించాడు. అవి హామిల్టన్‌కు దగ్గరి ఊళ్ళే. మరుసటి ఏడాది హామిల్టన్ వ్యాపారి హ్యూ కోసార్ట్ బేకర్ తన ఇంటికీ, తనతో చదరంగం ఆడే మిత్రుల ఇళ్ళకూ టెలిఫోన్లు పెట్టించాడు. అక్కడ వ్యాపారం కన్నా ముందు స్నేహం ఉంది. ఎవరితో మాట్లాడాలో ముందే తెలిసినవాళ్ళ కోసం తీగ వేశారు. 1878 జూలై 15న ఆ ఊళ్ళో మొదలైన ఎక్స్ఛేంజి బ్రిటిష్ సామ్రాజ్యంలోనే మొదటిది. లండన్ మహానగరానికి 1879 దాకా అలాంటిది లేదు. ఆ తొలి ఎక్స్ఛేంజిల్లో చందాదారుడు పేరు చెబితే ఆపరేటర్ తీగ కలిపేవాడు. ఎవరి తీగ ఎక్కడుందో ఆపరేటర్ జ్ఞాపకంలో ఉండేది. ఫలానావారిని కలపమని అడిగేది మాత్రం మనిషే.

ఆ జ్ఞాపకం స్థానంలోకి అంకె ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటుంది. 1879లో అమెరికాలోని లోవెల్ పట్టణంలో తట్టు వ్యాపించింది. ఆపరేటర్లంతా మంచం పడితే కొత్తవాళ్ళకు ఈ పేర్లన్నీ ఎలా తెలుస్తాయని మోజెస్ గ్రీలీ పార్కర్ అనే వైద్యుడు ఆందోళనపడి, ఒక్కొక్కరికీ నంబరు ఇవ్వమని సలహా ఇచ్చాడట. మనం ఎవరమో ఎవరికీ తెలియకపోయినా పని జరగాలని నంబరు పుట్టింది. ఇప్పుడు మనం ఎవరమో, ఎవరికి ఏమవుతామో యంత్రం తెలుసుకునేది ఆ నంబరు పట్టుకునే. ఇంతకన్నా పెద్ద తలకిందులు ఈ చరిత్రలో లేదు.

ఫొటో చరిత్ర వేరే దారిన నడిచింది. 1854లో ఫ్రాన్సులో డిస్డెరి పేటెంటు తీసుకున్న చిన్న కార్డు ఫొటోలను జనం ఇచ్చిపుచ్చుకుని ఆల్బముల్లో దాచుకున్నారు. తర్వాత నూట యాభై ఏళ్ళు ఆల్బమ్ ఇంటికొచ్చినవాళ్ళు చూసే వస్తువే. 2005లో ఫేస్‌బుక్‌లోకి ఫొటోలు, 2008లో 'మీకు తెలిసినవారు కావచ్చు' అనే సూచనలు వచ్చాక ఫొటోల దారి, పరిచయాల పట్టిక దారి రెండూ కలిశాయి. అసలు సభ్యులే కానివారి ఈమెయిల్ చిరునామాలను, వారికి తెలియకుండా, స్నేహితుల సూచనలకు వాడటం తప్పని కెనడా ప్రైవసీ కమిషనర్ కార్యాలయం 2012లో తేల్చింది. కాంటాక్ట్స్ తెరవడానికి అనుమతించేది ఫోను యజమాని; బయటపడేది ఆ పట్టికలోని అందరి వివరాలూ.

ఇంత పట్టింపు అవసరమా అనేవారి వాదనలో బలముంది. హామిల్టన్‌లో జరిగిన పెళ్ళి ఫొటోలు వేలల్లో ఉంటే గుంటూరులోని మేనత్తకు ఏవి పంపాలో ఏరడానికి ఎవరికి తీరిక? సూచన లేకపోతే సగం ఫొటోలు ఫోన్‌లోనే ఉండిపోతాయి. నిజమే. కానీ తరచుగా పంపే పేర్లను పైకి తేవడానికి ఎవరి ముఖాన్నీ కొలవనక్కర లేదు, కాంటాక్ట్స్ అన్నీ సర్వరుకు ఎక్కించనక్కర లేదు. ఆ లెక్క ఫోన్‌లోనే జరగవచ్చు. ముఖాల కొలతల విషయంలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం కింద ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్లు చెల్లించింది. 2021 నవంబరులో ఆ పద్ధతి మానేస్తున్నట్టు ప్రకటించింది. మొమెంట్స్ అంతకు ముందే, 2019లో మూతపడింది. కనుక ఇలాంటి యాప్ కట్టే తెలుగు ఇంజనీర్లకు ఒక్క విన్నపం: సూచించండి, కానీ ఫొటోలో ఉన్నవారినీ, కాంటాక్ట్స్‌లో ఉన్నవారినీ అడగకుండా వారి వివరాలు వాడకండి, పంపే నిర్ణయం మనిషికే వదలండి.